డైనమో ఇచ్చేదెంత, బ్యాటరీ అడిగేదెంత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పికప్ బండి వెనుక పడక, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చుకుని ఊళ్లు తిరిగేవారు ఇప్పుడు తిరుపతి, చిత్తూరు వైపు కూడా కనిపిస్తున్నారు. గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అటువంటి బండ్లలోని లిథియం బ్యాటరీల గురించే ఉన్నాయి. ఒకే సందేహం నలుగురు రాసినచోట వివరంగా రాసిన ఉత్తరాన్ని తీసుకున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరి పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: నా డబుల్ క్యాబిన్ పికప్ వెనుక తొట్టిలో రేకు గది కట్టించి, అందులో 200 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ పెట్టించుకున్నాను. అంగడివారు ఇంజిన్ బ్యాటరీ నుంచి లావుపాటి వైరు లాగి, మధ్యలో ఒక రిలే బిగించి, ఇంజిన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలూ కలుస్తాయి, ఆపగానే విడిపోతాయి అని చెప్పారు. రెండో నెలలో శ్రీకాళహస్తి నుంచి వస్తుండగా ఏర్పేడు దగ్గర దారి ఆగిపోయింది. ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా ముప్పావుగంట నిలబడ్డాము. కాలిన వాసన వచ్చి, డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలిగింది. డైనమో మార్పించాను. మూడు నెలలకు కొత్తది కూడా పోయింది. డైనమో నకిలీదా, బ్యాటరీ చెడ్డదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి)

జవాబు: రెండూ మంచివే అయి ఉంటాయి. వాటిని కలిపిన తీరులోనే తప్పు ఉంది. మనం వాడుకలో డైనమో అంటున్నది నిజానికి ఆల్టర్నేటర్. మెకానిక్ షెడ్డులో ఎవరూ ఆ పేరు పలకరు కనుక నేనూ డైనమో అనే రాస్తాను.

సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కాసింత కరెంటును తిరిగి నింపడానికీ, లైట్లకూ ఏసీ బ్లోయరుకూ సరిపోవడానికీ డైనమోను తయారు చేస్తారు. సీసం-ఆమ్లం బ్యాటరీ ఎంత ఖాళీగా ఉన్నా మొదటి కొద్ది నిమిషాలే గట్టిగా లాగుతుంది. నిండుతున్నకొద్దీ దాని సొంత వోల్టేజి పెరిగి, అరగంట గడిచేసరికి పది పదిహేను ఆంపియర్లకు తనే తగ్గించుకుంటుంది. విందులో విస్తరి మీద చేయి అడ్డం పెట్టే అతిథి వంటిది అది. లిథియం బ్యాటరీ చేయి అడ్డం పెట్టదు. దాని లోపలి నిరోధం చాలా తక్కువ కనుక, దాదాపు పూర్తిగా నిండేవరకూ ఎంత ఇస్తే అంతా తీసుకుంటూనే ఉంటుంది. డైనమో తన శక్తి మేరకు మొత్తం ఇస్తూనే ఉంటుంది.

బండి వేగంగా పోతున్నంతసేపు ఇది అంతగా బయటపడదు. డైనమోను చల్లబరిచే రెక్కలు దాని ఇరుసుకే ఉంటాయి. ఇంజిన్ వేగంగా తిరిగితే అవీ వేగంగా తిరుగుతాయి, ఎదురుగాలి కూడా తోడవుతుంది. ఐడ్లింగులో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు మాత్రం గాలి తగ్గిపోతుంది కానీ బ్యాటరీ ఆకలి తగ్గదు. ఏర్పేడు దగ్గర మీ బండిలో జరిగింది ఇదే. మీవంటి అమరికే ఉన్న ఒక మిత్రుడి బండిని మా ఇంటి ముందు నిలబెట్టి, ఖాళీ అయిన లిథియం బ్యాటరీకి పోయే వైరు మీద క్లాంప్ మీటరు తగిలించి చూశాను. ఐడ్లింగులో మొదట 41 ఆంపియర్లు చూపింది. పది నిమిషాలకు 34కు పడిపోయింది. బ్యాటరీ నిండినందుకు పడలేదు. రాగి చుట్టలు వేడెక్కి డైనమోకు శక్తి తగ్గినందుకు పడింది. వెనుక మూత మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు 108 డిగ్రీలు చూపగానే ఇంజిన్ ఆపించాను. డైనమో మీద 90 ఆంపియర్లని రాసి ఉంటే అది ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పటి లెక్క అనీ, ఐడ్లింగులో అందులో సగం రావడమే ఎక్కువ అనీ చాలామందికి తెలియదు.

ఇక ఆ రిలే సంగతి. అటువంటి రిలేలు సాధారణంగా 13.3 వోల్టుల దగ్గర కలిసి, 12.8 దగ్గర విడిపోయేలా అమర్చి ఉంటాయి. సీసం బ్యాటరీకి ఆ లెక్క సరిపోతుంది. ఇంజిన్ ఆపిన కాసేపటికి దాని వోల్టేజి 12.7కు దిగుతుంది కనుక రిలే విడిపోతుంది. నిండిన లిథియం బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు కూడా 13.3 దగ్గరే నిలబడుతుంది. అందువల్ల ఇంజిన్ ఆపినా రిలే విడిపోదు. రాత్రంతా రెండూ కలిసే ఉంటాయి. మీరు వెనుక గదిలో ఫ్యాను వేసుకుంటే ఇంజిన్ బ్యాటరీ కూడా ఆ ఖర్చులో భాగం పంచుకుంటుంది. ఉత్తరంలో రాయలేదు కానీ, ఎప్పుడైనా తెల్లవారి సెల్ఫ్ నీరసంగా తిరిగిందేమో గుర్తు చేసుకోండి.

మరొక ప్రమాదం కూడా ఉంది. లిథియం బ్యాటరీ లోపల బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉంటుంది. ఏదైనా సెల్ వోల్టేజి హద్దు దాటినా, వేడి మించినా అది బ్యాటరీని ఒక్క క్షణంలో తెంచేస్తుంది. అప్పటిదాకా నలభై యాభై ఆంపియర్లు ఇస్తున్న డైనమో ముందు నుంచి ఆ భారం ఒక్కసారిగా మాయమైతే వోల్టేజి ఎగిసిపడుతుంది. పక్కనే ఉన్న ఇంజిన్ బ్యాటరీ ఆ ఎగుడును చాలావరకు మింగుతుంది; ఆ బ్యాటరీ పాతదై ఉన్నా, దాని టెర్మినల్ వదులుగా ఉన్నా డైనమోలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు కాలిపోతాయి. రెండోసారి పోయిన డైనమోను విప్పించి చూడండి. చుట్టల మీది వార్నిష్ నల్లబడి ఉంటే అది వేడి పని. చుట్టలు శుభ్రంగా ఉండి డయోడ్లు మాత్రమే పోయి ఉంటే ఇది కారణమై ఉంటుంది.

పరిష్కారం కొత్త డైనమో కాదు. రిలే తీసివేసి, ఆ స్థానంలో డీసీ-డీసీ చార్జరు పెట్టించండి. ఇంజిన్ వైపు నుంచి వచ్చే వోల్టేజి ఎంతైనా, ఇది బ్యాటరీకి కావలసిన 14.2 నుంచి 14.6 వోల్టుల మధ్య అందిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, తన మీద రాసి ఉన్న ఆంపియర్లకు మించి లాగదు. మీ బండికి 30 ఆంపియర్లది చాలు. డైనమో సామర్థ్యంలో సగానికి మించి చార్జరుకు ఇవ్వకూడదన్నది నేను పాటించే లెక్క. 30 ఆంపియర్ల చార్జరు ఇంజిన్ వైపు నుంచి 36, 37 ఆంపియర్లు తీసుకుంటుంది, వోల్టేజి పెంచాలి కనుకా, తానూ కొంత వేడి రూపంలో పోగొట్టుకుంటుంది కనుకా. మీరు ఎక్కువగా ఊరి ట్రాఫిక్‌లోనే తిరిగేవారైతే 20 ఆంపియర్లదే తీసుకొమ్మంటాను.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో కొన్నింటికి డైనమోను ఇంజిన్ కంప్యూటరే అదుపు చేస్తుంది. డీజిల్ ఆదా కోసం వోల్టేజిని ఒకసారి 12.5 దగ్గరకు దింపి, బ్రేకు వేసినప్పుడు ఒక్కసారిగా పెంచుతుంది. అటువంటి బండిలో రిలే అయినా, నేరుగా లాగిన వైరు అయినా బ్యాటరీని పూర్తిగా నింపలేదు. డీసీ-డీసీ చార్జరు ఒక్కటే దారి. దాని సిగ్నల్ వైరును ఇగ్నిషన్ ఆన్ అయినప్పుడే కరెంటు వచ్చే చోట కలపాలి; అప్పుడే ఇంజిన్ ఆపగానే చార్జరు కూడా ఆగుతుంది.

వైరు విషయంలో పొదుపు చేయవద్దు. బానెట్ నుంచి తొట్టి దాకా ఆరు మీటర్లు అనుకుంటే పోనూ రానూ పన్నెండు మీటర్లు. 37 ఆంపియర్లు పోయేటప్పుడు 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరులో 1.3 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. 16 స్క్వేర్ రాగి వైరులో అర వోల్టు, 25 స్క్వేర్‌లో 0.3 వోల్టులు పోతాయి. చార్జరును బ్యాటరీకి దగ్గరగా, వెనుకనే బిగించి 16 స్క్వేర్ వైరు వేయించండి. నెగటివ్‌కు బాడీ ఎర్తును నమ్ముకోవద్దు. తొట్టికీ చాసిస్‌కూ మధ్య ఉన్న తుప్పు పట్టిన బోల్టు మీద ఆధారపడే బదులు దానికీ విడిగా వైరు లాగించండి. ఫ్యూజు ఒకటి కాదు, రెండు కావాలి. ఆ వైరుకు రెండు చివరలా బ్యాటరీ ఉంది. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని షార్ట్ అయినా రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది. అందుచేత ఇంజిన్ బ్యాటరీకి జానెడు దూరంలో ఒక 60 ఆంపియర్ల ఫ్యూజు, లిథియం బ్యాటరీకి జానెడు దూరంలో మరొకటి పెట్టించాలి. వైరు చివర బిగించే లగ్గులను సుత్తితో కొట్టి బిగిస్తే ఒప్పుకోకండి. హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి.

ఇదంతా చేశాక ఎంత వస్తుంది? మీ బ్యాటరీలో 12.8 వోల్టుల లెక్కన రెండున్నర యూనిట్ల (యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు) కరెంటు పడుతుంది. గంటకు 30 ఆంపియర్ల చొప్పున, తిరుపతి నుంచి తలకోనకు గంటన్నర ప్రయాణంలో 45 ఆంపియర్-అవర్లు, అంటే నాలుగో వంతుకు కొంచెం తక్కువ నిండుతుంది. హార్స్‌లీ హిల్స్‌కు మూడున్నర గంటలు పడితే సగం నిండుతుంది. ఖాళీ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే ఏడు గంటలు నడపాలి. మన వైపు విహారయాత్రలు అంత పొడవైనవి కావు కనుక, బయలుదేరే ముందు రాత్రి ఇంటి కరెంటుతో నింపుకోవడం అలవాటు చేసుకోండి. పికప్‌కు గది కట్టించినప్పుడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణాశాఖ అనుమతి తీసుకున్నారో లేదో కూడా ఒకసారి చూసుకోండి; ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ముందుగా అడిగేది అదే.

ప్రశ్న: నాకు ఎనిమిది ఎకరాల తోతాపురి తోట ఉంది. కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ ముందు బండి వరుసలో రెండు రాత్రులు పడుకోవలసి వస్తోంది. ఫ్యాను, సెల్ చార్జింగ్, చిన్న లైటు ఇంజిన్ బ్యాటరీ నుంచే వాడితే తెల్లవారి సెల్ఫ్ ఎత్తడం లేదు. అందుకని గంటకొకసారి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేస్తున్నాను. లిథియం బ్యాటరీ కొంటే దాన్ని కూడా ఇలాగే చార్జి చేసుకోవచ్చా? (మామిడి రైతు, బంగారుపాళ్యం)

జవాబు: చేసుకోవచ్చు కానీ చేయనక్కరలేదు. మీ ఖర్చు లెక్క వేద్దాం. 12 వోల్టుల డీసీ ఫ్యాను 20 వాట్లది రాత్రికి పది గంటలు తిరిగితే 200 వాట్-అవర్లు. లైటుకు ఇరవై, రెండు సెల్‌ఫోన్లకు ముప్పై. మొత్తం 250. రెండు రాత్రులకు 500. యాభై ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో 640 వాట్-అవర్లు ఉంటాయి. ఇంట్లో నింపుకుని వెళితే రెండు రాత్రులు గడిచినా ఇంకా కొంచెం మిగులుతుంది. బండి వైరింగును ముట్టుకునే పనే లేదు. 10 ఆంపియర్ల లిథియం చార్జరు ఒకటి కొనుక్కుంటే ఇంటి దగ్గర ఐదారు గంటల్లో నిండుతుంది. ఆరు కిలోల చిల్లర బరువు ఉంటుంది; సీటు వెనుక పెట్టుకుని, కాయల కాలం అయిపోయాక ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

వరుస మూడో రోజుకు సాగే ఏడాదైతే క్యాబిన్ పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి, దాని చార్జింగును అదుపు చేసే చిన్న కంట్రోలరు ఒకటి బిగించండి. జూన్, జూలైలలో మబ్బు పడుతున్నా రోజుకు 300 వాట్-అవర్లకు తగ్గకుండా వస్తుంది; అది మీ రాత్రి ఖర్చుకు మించే ఉంది. పగలంతా ఫ్యాక్టరీ ముందు ఎండలో నిలబడటం ఎలాగూ తప్పదు కదా, ఆ ఎండైనా పనికొస్తుంది.

ఇంజిన్ ఊరికే తిప్పితే గంటకు అర లీటరు పైగా డీజిల్ కాలుతుంది. పది నిమిషాల్లో బ్యాటరీలోకి చేరేది నాలుగైదు ఆంపియర్-అవర్లే. సెల్ఫ్ ప్రతిసారీ కొట్టడానికి ఖర్చయ్యేది అందులో నుంచి తీసివేయాలి. రెండు రాత్రులకు ఇరవై సార్లు ఇంజిన్ ఆన్ చేస్తే సెల్ఫ్ మోటారు బుష్‌లకూ అది మంచిది కాదు. మీరు అడగని మాట ఒకటి చెప్పనివ్వండి: ఇంట్లో వాడే 230 వోల్టుల టేబుల్ ఫ్యాను, ఇన్వర్టరు కొని ఈ పనికి పెట్టవద్దు. ఆ ఫ్యాను 50 వాట్లు తింటుంది. ఇన్వర్టరు ఏమీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా పది వాట్లు తింటుంది. అప్పుడు ఒక్క రాత్రికే బ్యాటరీ అయిపోతుంది.

ప్రశ్న: మా లిథియం బ్యాటరీ వోల్టేజి ఎప్పుడు చూసినా 13.2 అని చూపుతుంది. నిన్న సాయంత్రం అదే చూపి, రాత్రి పదకొండుకు హఠాత్తుగా ఆగిపోయింది. మీటరు చెడిందా? (గృహిణి, పుత్తూరు)

జవాబు: మీటరు మంచిదే, ఆధారపడిన కొలత సరైనది కాదు. సీసం బ్యాటరీ వోల్టేజి ఖర్చుతో పాటు మెట్లు దిగినట్టు దిగుతుంది. ఇటువంటి బండ్లలో ఎక్కువగా ఉండే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చదునైన చేను వంటిది, 13.3 నుంచి 13.0 వరకు ఉన్న ఆ కొంచెం తేడాలోనే సగానికి పైగా కరెంటు దాగి ఉంటుంది. 12.8కి వచ్చేసరికి అడుగు కనిపిస్తున్నట్టే, ఆ తర్వాత కొండచరియ. పైగా ఫ్యాను తిరిగేటప్పుడు ఒక అంకె, చార్జి అవుతున్నప్పుడు మరొక అంకె చూపుతుంది. నెగటివ్ వైరులో షంట్ అనే కొలత పట్టీని బిగించి, లోపలికి వచ్చిన ఆంపియర్లనూ బయటకు పోయినవాటినీ లెక్కగట్టే మానిటరు పెట్టించండి. చాలా బ్యాటరీలకు ఇప్పుడు బ్లూటూత్ వస్తోంది, ఫోనులో చూడవచ్చు. చిన్న చిన్న ఖర్చులను అది సరిగా లెక్కించదని నా అనుభవం.

ప్రశ్న: నేనూ నా భార్యా కార్తీక మాసంలో నాలుగు రోజులు తలకోన, కైలాసకోన వైపు కరెంటు లేనిచోట బండిలోనే ఉండాలనుకుంటున్నాము. 200 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు ఉన్నాయి. ప్యానెళ్లను పడుకోబెట్టి బిగించారు. వాలుగా పెట్టకపోతే సగమే వస్తుందని మా బావమరిది అంటున్నాడు. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, మిక్సీ, ఇండక్షన్ స్టవ్ వాడాలని ఉంది. సరిపోతుందా? (చిన్న వ్యాపారి, చిత్తూరు)

జవాబు: ముందుగా మీ బావమరిది గారి మాట. ఢిల్లీలోనో జర్మనీలోనో ఆ మాట కొంత నిజం. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చిత్తూరు ఇంకాస్త దిగువన. ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీద ఉంటాడు. ఇక్కడ ప్యానెల్‌ను పడుకోబెట్టడం వల్ల ఏడాది మొత్తం మీద పోయేది నూటికి మూడు నాలుగు పాళ్లే. డిసెంబరులో ఇంకొంచెం ఎక్కువ పోతుంది. బండి ఎటు తిరిగి నిలబడుతుందో తెలియనప్పుడు వాలుగా పెట్టిన ప్యానెల్ ఉత్తరం వైపు తిరిగితే అసలుకే మోసం. పడుకోబెట్టడం వల్ల అసలు ఇబ్బంది దుమ్ము. రెండు రోజులకొకసారి తడిగుడ్డతో తుడవండి.

ఎక్కువగా పోయేది వేడి వల్ల. ప్యానెల్ మీద రాసిన వాట్లు దాని సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మన ఎండలో రేకు పైకప్పు మీద ఆ సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. ప్రతి డిగ్రీకి నూటికి 0.35 పాళ్లు తగ్గుతుంది కనుక, 400 వాట్ల ప్యానెళ్లు 340 వాట్లవి అయిపోతాయి. రేకుకు అంటించకుండా రెండంగుళాల ఖాళీ వదిలి బిగిస్తే కింద గాలి ఆడి కొంత మేలు. ఇవన్నీ పోను, ఆకాశం తేటగా ఉన్న రోజున మీకు ఒకటిన్నర యూనిట్లు వస్తాయని లెక్క వేసుకోండి. అది కూడా ప్యానెల్ నుంచి గరిష్ఠంగా శక్తిని రాబట్టే ఎంపీపీటీ కంట్రోలరు ఉంటేనే. రెండు 200 వాట్ల ప్యానెళ్లను సీరీస్‌లో కలిపి 100 వోల్టులు తట్టుకునే 30 ఆంపియర్ల ఎంపీపీటీకి ఇస్తే సరిపోతుంది. పీడబ్ల్యూఎం అని చౌకగా దొరికేది పెడితే ప్యానెల్ వోల్టేజిలో మిగులంతా వృథా.

ఇక ఖర్చు. 45 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్‌కు రోజుకు అర యూనిట్. దాన్ని మాటిమాటికీ తెరిస్తే 0.6. రెండు ఫ్యాన్లకు రాత్రికి 0.4. లైట్లు, ఫోన్లకు 0.15. మిక్సీ 750 వాట్లు అనగానే భయపడనక్కరలేదు, కొబ్బరి చట్నీకి రెండు నిమిషాలు తిరిగితే 25 వాట్-అవర్లు మాత్రమే. ఇంతవరకు రోజుకు 1.2 యూనిట్లు. సరిపోతుంది.

ఇండక్షన్ స్టవ్‌తో లెక్క తలకిందులవుతుంది. ఇద్దరికి రాగి సంగటి చేయాలంటే ఎసరు కాగి, నూక ఉడికి, పిండి మగ్గడానికి నలభై నిమిషాలు అనుకుందాం. 1,200 వాట్ల మీద అది 0.8 యూనిట్, ఇన్వర్టరు నష్టంతో 0.9. ఒక పూట సంగటికి ఫ్రిజ్ ఒకటిన్నర రోజు నడిచేంత ఖర్చు. స్టవ్‌ను 2,000 వాట్లకు పెడితే బ్యాటరీ నుంచి 175 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మీ బీఎంఎస్ 100 ఆంపియర్లదైతే స్టవ్ వెలిగిన క్షణమే బండి మొత్తం చీకటి. ఐదు కిలోల గ్యాస్ సిలిండరు తీసుకువెళ్లండి, గదిలో కాక బయట పొయ్యి పెట్టుకోండి. అడవిలో నిప్పు విషయంలోనూ, రాత్రి బస విషయంలోనూ అటవీశాఖవారిని ముందే అడగాలి. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం పరిధిలోనిది.

మీరు ఎంచుకున్న నెల గురించి కూడా చెప్పాలి. కార్తీకం అంటే మనకు ఈశాన్య రుతుపవనాల నడిబొడ్డు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మరచిపోలేము. ముసురు పట్టిన రోజున ఆ 400 వాట్ల ప్యానెళ్ల నుంచి 0.3, 0.4 యూనిట్ల కంటే రాదు. అది చాలక, తలకోనలో చెట్లు. ఒక్కో ప్యానెల్ లోపల సెల్స్ సాధారణంగా రెండు మూడు భాగాలుగా ఉంటాయి. ఒక కొమ్మ నీడ ఒక్క సెల్ మీద నిలకడగా పడినా ఆ భాగం మొత్తం పని మానేస్తుంది. చల్లగా ఉంటుందని చింతచెట్టు కింద బండి పెట్టి, చార్జి కాలేదని కంట్రోలరును తిట్టేవారిని చాలామందిని చూశాను. మీరు నీడలో ఉండి ప్యానెల్ ఎండలో ఉండాలంటే మడత ప్యానెల్ ఒకటి కొని, పది మీటర్ల వైరుతో బయట పరచుకోండి. ప్యానెల్ వైపు వోల్టేజి ఎక్కువ, ఆంపియర్లు తక్కువ కనుక అక్కడ 4 స్క్వేర్ వైరు చాలు.

నిండు బ్యాటరీతో బయలుదేరి, నాలుగు రోజులూ ముసురే అనుకుందాం. రోజుకు 1.2 ఖర్చు, 0.35 రాబడి, లోటు 0.85. మీ రెండున్నర యూనిట్లు మూడో రోజు సాయంత్రానికి అయిపోతాయి. డీసీ-డీసీ చార్జరు ఉంటే మూడో రోజు తలకోన నుంచి కైలాసకోనకు మారే ప్రయాణంలో రెండు గంటలు నడిపినా 0.75 యూనిట్ తిరిగి వస్తుంది. కనుక మొదటి మూడు రోజులూ ఒకేచోట ఉండి నాలుగో రోజు తిరుగు ప్రయాణం కాక, మధ్యలో చోటు మారేలా యాత్రను వేసుకోండి. సోలార్, డీసీ-డీసీ రెండూ ఒకేసారి చార్జి చేసినా నష్టం లేదు. రెండింటిలోనూ వోల్టేజిని ఒకే అంకెకు, 14.2కు పెట్టండి, రెండూ కలిపినా బ్యాటరీ మీద రాసిన చార్జింగ్ ఆంపియర్లకు లోపలే ఉండాలి.

ప్రశ్న: లిథియం బ్యాటరీలు పేలుతాయని వార్తల్లో చూస్తున్నాము. మే నెలలో రేణిగుంట ఎండలో మూసిన బండిలో దీన్ని ఉంచడం ప్రమాదం కాదా? (ప్రైవేటు ఉద్యోగి, రేణిగుంట)

జవాబు: లిథియం అన్నది ఒక కుటుంబం పేరు. ఫోన్లలోనూ, చాలా విద్యుత్ వాహనాల్లోనూ ఉండేది కోబాల్టో, నికెలో, రెండూనో కలిసిన రకం. క్యాంపర్ బండ్లకు అమ్మేది చాలావరకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడినఫ్ బృందంలో పనిచేసిన పాధి, నంజుండస్వామి అనే మన దేశపు శాస్త్రవేత్తలు దీని గుణాలను వెలికితీసినవారిలో ఉన్నారు. ఆ పరిశోధన 1997లో అచ్చయింది. గుడినఫ్‌కు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ పదార్థంలో ఆక్సిజన్ ఫాస్ఫేటుతో గట్టిగా ముడిపడి ఉండటం వల్ల, వేడెక్కినా అంత సులభంగా విడిపడి మంటకు ఆజ్యం పోయదు. కనుక ఆ రెండో రకమేనని పెట్టె మీద చదివి మరీ కొనండి.

పేలడం కంటే ముందు ఆలోచించవలసింది ఆయుష్షు గురించి. సాధారణంగా 45 డిగ్రీలు, కొన్నింటికి 55 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆపేలా బీఎంఎస్ అమర్చి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మూసిన రేకు గదిలో ఆ హద్దు దాటడం కష్టం కాదు. తమ సోలార్ చార్జింగ్ మధ్యాహ్నం పూట ఆగిపోతోందని రాసిన మరో ఇద్దరికీ ఇదే జవాబు. బ్యాటరీని నేల మట్టంలో, ఇంజిన్‌కూ సైలెన్సరుకూ దూరంగా, ఎండ తగిలే గోడకు ఆనించకుండా పెట్టి, పెట్టెకు కింద ఒక రంధ్రం, పైన చిన్న ఫ్యాను అమర్చండి. నెలల తరబడి బండి తీయకపోతే బ్యాటరీని నిండుగా ఉంచవద్దు, సగం చార్జి దగ్గర వదలండి. సున్నా డిగ్రీల కంటే చలిలో చార్జి చేయకూడదన్న హెచ్చరిక కూడా పెట్టె మీద ఉంటుంది. హార్స్‌లీ హిల్స్ దాకా వెళ్లేవారికి ఆ చింత లేదు, లడఖ్ వెళ్లేవారికి ఉంది.

ప్రశ్న: నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ను. ఒక కస్టమరు తెచ్చిన లిథియం బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటరు సున్నా చూపుతోంది. మా షెడ్డులోని పాత చార్జరు పెడితే తీసుకోవడం లేదు. ఇంటి ఇన్వర్టరు చార్జింగుకు పెట్టి చూడమన్నారు. పెట్టవచ్చా? (పలమనేరు)

జవాబు: ఇన్వర్టరుకు పెట్టవద్దు. ట్యూబులర్ (సీసం) బ్యాటరీల కోసం చేసిన ఇన్వర్టర్లు మధ్యమధ్యలో సెల్స్ అన్నింటినీ సమం చేసే ఈక్వలైజేషన్ పేరుతో 15 వోల్టులు దాటిస్తాయి, లిథియానికి 14.6 గరిష్ఠం. లిథియం అని ఎంచుకునే సౌకర్యం ఉన్న ఇన్వర్టరైతే వేరే సంగతి. మీ పాత చార్జరులో సీసం బ్యాటరీలను బాగుచేసే డీసల్ఫేషన్ మీట ఉంటే దాన్నీ దీని దగ్గర వాడవద్దు.

సున్నా చూపుతోందంటే బ్యాటరీ చచ్చిందని కాదు. పూర్తిగా ఖాళీ అయి బీఎంఎస్ తలుపు వేసుకుని ఉంటుంది. టెర్మినల్ మీద వోల్టేజి కనిపించనిదే మీ చార్జరు మొదలుపెట్టదు, చార్జరు మొదలుపెట్టనిదే బీఎంఎస్ తలుపు తీయదు. నిద్ర లేపే సౌకర్యం ఉన్న లిథియం చార్జరు దొరికితే అదే మేలు. లేకపోతే మన షెడ్డుల్లోని సీరీస్ బల్బు ఉపాయమే ఇక్కడా పనికొస్తుంది. మంచి 12 వోల్టుల బ్యాటరీ పాజిటివ్ నుంచి 55 వాట్ల హెడ్‌లైటు బల్బు గుండా దీని పాజిటివ్‌కు, నెగటివ్ నుంచి నెగటివ్‌కు కలపండి. బల్బు అడ్డం ఉండగా నాలుగైదు ఆంపియర్లకు మించి పోదు. నిమిషంలో బీఎంఎస్ తెరుచుకుంటుంది. బల్బు తీసి మీటరు పెట్టి చూడండి. 10 వోల్టుల పైన నిలబడితే ఐదు ఆంపియర్ల లిథియం చార్జరుతో నెమ్మదిగా నింపండి, మొదటి గంట పక్కనే ఉండి పెట్టె మీద చేయి వేసి వేడి చూస్తూ ఉండండి. 8 వోల్టుల కంటే తక్కువ ఉంటే ఒక్కో సెల్ 2 వోల్టుల కిందికి దిగినట్టు. దాన్ని చార్జి చేయకుండా కస్టమరుకు తిరిగి ఇచ్చి, కొన్నచోట వారంటీ అడగమనండి.